వెనక వరస

పాటల మేడంకి చెవి పెట్టే అలవాటు ఒకటుంది. నలభై మంది పిల్లల్నీ నాలుగు వరసల్లో నిలబెట్టి, ఒకే లైను మళ్ళీ మళ్ళీ పాడమని చెప్పి, తను ఆ వరసల మధ్య నడుస్తుంది. ఒక్కొక్కరి నోటి దగ్గరా వంగి, తల కాస్త పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వింటుంది. చేతిలో పెన్సిలుంటుంది. గొంతు నచ్చితే ఆ పెన్సిలు గాల్లో చిన్నగా తాళం వేస్తుంది. నచ్చకపోతే కదలదు. వేసవి సెలవుల్లో ఆరు రోజుల బృందగానం క్యాంపుకని వచ్చిన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు రెండోరోజు పొద్దుటికల్లా ఆ పెన్సిలు మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నారు.

రెండో వరసలో నిలబడ్డ ఏడో తరగతి పిల్లని అందరూ నగారా అని పిలుస్తున్నారు. మొదటిరోజు సాయంత్రం భోజనాల గంట పాడైపోతే, వంటావిడ అడిగిందని ఆ పిల్ల వరండాలో నిలబడి ఒక్క కేక పెట్టింది. మూడంతస్తుల హాస్టలూ పళ్ళాలు పట్టుకుని మెస్సులోకి వచ్చిపడింది. ఆ కేకతో అంటుకున్న పేరు. దానికి నొచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయింది. వాళ్ళమ్మ సిటీ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి వెనక సీటువాళ్ళకి వినపడేలా స్టాపు పేరు చెప్పగల మనిషి. గొంతంటే అలా ఉండాలని ఆ పిల్ల నమ్మకం.

కాబట్టి మేడం చెవి తన నోటి దగ్గరికి రాగానే నగారా ఏమీ దాచుకోలేదు. పొట్ట నిండా గాలి తీసుకుని, ఉన్నదంతా పెట్టి పాడింది. మేడం కళ్ళు తెరిచింది. గాల్లో ఆడుతున్న పెన్సిలు ఆగింది. దాని మొండి చివర వచ్చి పిల్ల భుజం మీద రెండుసార్లు తట్టింది. ఏలకుల వాసనతో మేడం నోరు చెవి దగ్గరికొచ్చింది.

"నువ్వు నవ్వుతుంటే మొహం ఎంత బాగుందో తెలుసా? నీకొక ప్రత్యేకమైన పని ఇస్తున్నాను. గొంతు బయటికి రానివ్వకుండా, నవ్వుతూ ఊరికే పెదాలు కదుపు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. సరేనా బంగారం?"

నగారా సరేనంది. ఎందుకు సరేనందో తనకే తెలియదు. నలుగురిలో నిలబడి ఉండగా, అంత మెత్తగా, బంగారం అని కూడా పిలిచి అడిగితే, ఆ వయసు పిల్ల నోటికి వేరే మాట ఎక్కడ దొరుకుతుంది? మేడం అప్పటికే పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. పెన్సిలు మళ్ళీ తాళం వేస్తోంది. పక్కనున్న పిల్లది నిజంగానే మంచి గొంతు. దాన్ని మొదటిరోజు నుంచే తేనె అంటున్నారు. చివరి చరణం ఒక్కతే పాడాల్సింది కూడా అదే.

పది గంటల పాల విరామం అయ్యాక మేడం చోట్లు మార్చింది. ఎత్తుగా ఉన్నావు కదా, వెనక బల్ల ఎక్కమ్మా, అంది నగారాతో. క్లాసులో పొట్టివాళ్ళని లెక్కపెడితే నగారా మూడోది. ఆ సంగతి అడగడానికి నోరు తెరిచి, ఆ నోటితోనే గదా ఇంత తంటా అని గుర్తొచ్చి మూసేసుకుంది. వెళ్ళి నాలుగో వరసలో, అన్నిటికంటే ఎత్తైన బల్ల మీద, గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ పూటంతా పెదాలు కదిపింది. కదుపుతున్నంతసేపూ తల కొట్టేసినట్టుగానే ఉంది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగితే తన మొహం చూసి కనిపెట్టేస్తారేమోనని భయం. పాటలో ఉన్న మాటలన్నీ నోట్లోనే పుట్టి నోట్లోనే చస్తున్నాయి. మధ్యాహ్నం అన్నం సయించలేదు. వాళ్ళమ్మకి ఫోను చేసే వంతు వచ్చినప్పుడు, ఎలా ఉందే అని అడిగితే, బాగుందమ్మా, రోజూ పాడుతున్నాం అని చెప్పింది. అమ్మతో పూర్తి అబద్ధం ఆడడం దానికదే మొదలు.

మూడోరోజు ఉదయం అసలు సంగతి తెలిసింది.

కీబోర్డు మాస్టారు శ్రుతి ఇచ్చారు. పాట మబ్బుల పాట. కొండల మీద ఆగిన మబ్బులు మాట్లాడుతున్నట్టు రాసినది. 'ఊరు దాటి వెళ్ళిపోతాం' అన్న లైను చాలా పొడుగు, ఒక గుక్కలో ఎవరికీ రాదు. అందుకని మేడం దొంగగుక్క నేర్పింది. పక్కవాళ్ళు పాడుతుండగా మధ్యలో చప్పుడు లేకుండా గాలి తీసుకుని మళ్ళీ కలవాలి. అందరూ ఒకేచోట తీసుకోకూడదు. పక్కవాళ్ళ భుజాలు గమనించుకుంటూ వంతులేసుకోవాలి. నగారాకి గుక్కతో పని లేదు కాబట్టి ఊరికే పక్కవాళ్ళ భుజాలు చూస్తూ నిలబడింది.

భుజాలు లేవడం లేదు.

కుడి పక్కన ఎనిమిదో తరగతి అమ్మాయి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, నిచ్చెన అంటారు. నోరు ఇంత తెరిచి పాడుతోంది. మెడ మీద ఒక్క నరం కూడా కదలడం లేదు. ఎడమ పక్కన ఆరో తరగతి బుల్లిపిల్ల, చీమ. చెవుల దాకా నవ్వుతూ పాడుతోంది, ఛాతీ మాత్రం పడుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. నగారా తన చెవులేమైనా మూసుకుపోయాయేమోనని వేలితో కెలుక్కుంది. ముందు వరసల నుంచి పాట బ్రహ్మాండంగా వినపడుతోంది. తన వరసలో, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, పది నోళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నాయి. చప్పుడు లేదు. గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లలిద్దరు చివర్లో నిలబడి, తెగ కష్టపడుతున్నట్టు కనుబొమలు కూడా ఎగరేస్తున్నారు. 

మధ్యాహ్నం ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి. తొట్టి దగ్గర నిచ్చెన పక్కన చేరి, నువ్వు పాడడం లేదు కదక్కా, అని మొహం మీదే అడిగేసింది. నిచ్చెన నీళ్ళు నమల్లేదు. పళ్ళెం తిరగేసి అడుగు తోముతూ, ఇది తనకి మూడో క్యాంపని చెప్పింది. మొదటి ఏడాది భుజం మీద తట్టిందట. రెండో ఏడాది తట్టే శ్రమ కూడా పడలేదు, నీకు తెలుసు కదా అందట.

"మనిద్దరి మధ్యే ఉండాలి అందా?" అని అడిగింది నగారా.

"అందరికీ అదే చెబుతుంది. అదే దాని కిటుకు. సిగ్గేసి ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. స్టేజి మీద నలభై మంది కనపడాలి, ముప్పై మందే వినపడాలి. మనం లేకపోతే స్టేజి బోసిగా ఉంటుందట. మనం పాడితే పాట పాడవుతుందట."

"మరి మళ్ళీ ఎందుకొస్తున్నావక్కా?"

నిచ్చెన పళ్ళెం విదిలించింది. ప్రతి ఏడాదీ గొంతు బాగుపడి ఉంటుందేమో, ఈసారి వింటుందేమో అనుకుంటానంది. చెప్పి, చెప్పినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు గబగబా వెళ్ళిపోయింది.

నగారా తొట్టి దగ్గరే నిలబడిపోయింది. రెండు రోజులుగా కడుపులో ముద్దలా కూర్చున్న సిగ్గు ఆ పంపు నీళ్ళతోపాటే పోయింది. పోయి ఊరుకోలేదు, ఆ ఖాళీలో పగ వచ్చి కూర్చుంది. తనొక్కదాన్నే అంటే తన గొంతులోనే ఏదో తప్పుందేమో అనుకుని సరిపెట్టుకునేది. పది మందినీ పది చోట్ల విడివిడిగా బంగారం అని పిలిచి, పది నోళ్ళకి తాళాలేసి, ఆ తాళం చెవులన్నీ జాకెట్లో దోపుకుని తిరుగుతోందా ఈవిడ? ఈ మాట అనుకోగానే పళ్ళు పటపటలాడాయి. ఈ మేడం నలుగురిలో నవ్వులపాలు కావాలి. తను చూస్తుండగా కావాలి. అంతకంటే తక్కువైతే వద్దు.

ఎలాగన్నది పాటలోనే దొరికింది.

పాట చివర మేడం ఒక నిశ్శబ్దం పెట్టింది. 'ఊరు దాటి వెళ్ళిపోతాం' అని అందరూ మెల్లగా కిందికి దిగి ఆగుతారు. మేడం కుడిచేతి పిడికిలి బిగిస్తుంది. ఐదు లెక్కపెట్టేంతసేపు ఎవరూ చిటుక్కుమనకూడదు. పిడికిలి విప్పగానే 'మళ్ళీ వస్తాం, నీళ్ళు తెస్తాం' అని ముప్పై గొంతులూ ఒక్కసారి లేస్తాయి. తర్వాత తేనె ఒక్కతే ఆ లైను మళ్ళీ అందుకుని ముగిస్తుంది. ఆ ఐదు లెక్కల కోసం మేడం నాలుగోరోజు పొద్దున్న గంటన్నర తీసుకుంది. ఎవరో తుమ్మారని మొదట్నుంచి పాడించింది. ఎవరి చెప్పో కిర్రుమందని అందరి చెప్పులూ విప్పించింది. ఒక పిల్ల తొందరపడి మూడో లెక్కకే 'మళ్ళీ' అనేస్తే, మేడం కేకలేయలేదు గానీ కుర్చీలో కూలబడి నుదురు పట్టుకుంది. నిశ్శబ్దంలో నోరు జారడం కంటే పెద్ద నేరం బృందగానంలో లేదని, గుళ్ళో దీపం ఆర్పేసినట్టేనని చెప్పింది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మేడం పని తెలిసిన మనిషి. రెండో వరసలో ఏడో గొంతు కాస్త కిందికి జారితే, వెనక్కి తిరిగి కిటికీ మూస్తూ కూడా పట్టేస్తుంది. ఆ నిశ్శబ్దం తర్వాత పాట లేచినప్పుడు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నగారాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అది ఇంకా మంట పెట్టింది. అంత బాగున్నదాంట్లో తనకి భాగం లేకుండా చేసింది కదా.

మొదట నగారా ఆ నిశ్శబ్దంలో పెద్ద కేక పెడదామనుకుంది. భోజనాల గంట పాడైన రోజు పెట్టినట్టు. నిచ్చెనకి చెబితే ఆమె తల అడ్డంగా ఊపింది. కేక పెడితే పొగరంటారు, మీ అమ్మని పిలిచి నిలదీస్తారు. అదే లైను తొందరపడి ముందే అందుకుంటే, అది పొరపాటు. చిన్నపిల్లలు, కంగారుపడ్డారంటారు. పొరపాటుకి ఎవరినీ ఏమీ అనలేరు, పాట మాత్రం పోతుంది. మూడేళ్ళు నోరు మూసుకుని నిలబడ్డ మనిషికి ఎంత ఆలోచన పోగవుతుందో నగారాకి అప్పుడర్థమైంది.

మిగిలిన ఎనిమిది మందినీ కలపడం అంత తేలిగ్గా కాలేదు. నువ్వు పాడడం లేదు కదా అని అడిగితే, ఒక్కొక్కరూ ఎవరన్నారు, పాడుతున్నాను అని కయ్యానికొచ్చారు. నగారా ఎవరి ముందు నిలబడితే వాళ్ళకి తన సంగతి ముందు చెప్పింది, పెన్సిలు, ఏలకుల వాసన, బంగారంతో సహా. అప్పుడు వాళ్ళ మొహాలు మారేవి. మగపిల్లల్లో ఒకడు గోడని తన్నాడు. ఇంకొకమ్మాయి తనని కూడా బంగారం అందని, ఇంట్లో ఎవరూ అలా పిలవరని, అందుకే ఊరుకున్నానని చెప్పింది.

చీమ దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. ఆ పిల్ల పక్కమీద కూర్చుని, చేతి అద్దం పట్టుకుని, నవ్వడం సాధన చేస్తోంది. మేడం తనొక్కదానికే నవ్వే పని ఇచ్చిందని, రహస్యమని, నగారాకి కాబట్టి చెబుతున్నానని చెవిలో చెప్పింది. వాళ్ళ అమ్మమ్మకి ఉత్తరం కూడా రాసిందట, నాకు ప్రత్యేకమైన పని ఇచ్చారని. నగారా అక్కణ్ణుంచి లేచి రావాల్సింది. తొమ్మిది మంది చాలు. కానీ పగ పట్టినవాళ్ళకి ఒకరు తక్కువైనా వెలితిగానే ఉంటుంది. కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చీమ అంతా విని, అద్దం బోర్లా పెట్టి, దుప్పటి ముసుగేసుకుంది. నగారాకి తనమీద తనకే రోత పుట్టింది. ఆ రోతని కూడా మేడం మీదే వేసేసింది.

హాస్టలు వెనక నీళ్ళ మోటారు గది ఉంది. ఐదోరోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీసే గంటలో పది మందీ అక్కడ చేరారు. మోటారు నడుస్తున్నంతసేపూ ఎవరేం చేసినా బయటికి వినపడదు. చీమ కూడా వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి. మోటారు హూమని ఒకే శ్రుతిలో మోగుతోంది. నిచ్చెన చెవి పెట్టి విని, దీని మీదే అందుకుందామంది. మేడం పిడికిలి బిగించాక మనసులో రెండు లెక్కపెట్టి, నగారా భుజం లేవగానే అందరూ గుక్క తీసుకోవాలి. మూడో లెక్క మీద 'మళ్ళీ వస్తాం'. ఆ రెండు మాటలే.

మొదటిసారి ఎవరికీ గొంతు పెగల్లేదు. ఇన్ని రోజులు మూసి ఉంచిన తలుపు కదా. రెండోసారి గరుకుగా, తలో దారిగా వచ్చింది. నాలుగోసారికి మోటారు మోతలో కలిసి ఒక లావుపాటి చప్పుడు లేచింది. అందులో తీపి లేదు. మగపిల్లల గొంతులు మధ్యలో విరిగాయి, నగారా గొంతు అందరికంటే కింద రాయిలా పడి ఉంది. అయినా ఆ ఇరుకుగదిలో పది మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చీమ ఇంకోసారి పాడదామంది. నగారాకి ఒక్క క్షణం ఎందుకొచ్చామో మరుపొచ్చింది. తర్వాత గుర్తుచేసుకుని, ఇది బాగా పాడడానికి కాదు, బాగా చెడగొట్టడానికి, అని అందరికీ గట్టిగా చెప్పింది.

ఆరోరోజు నాలుగు గంటలకల్లా హాలు నిండిపోయింది. పంకాలు తిరుగుతున్నా తల్లిదండ్రులు కార్యక్రమం కాగితాలతో విసురుకుంటున్నారు. ముందు వరస సోఫాలో క్యాంపు నడిపే సంస్థ చైర్మన్ గారు కూర్చున్నారు. వచ్చే ఏడాది క్యాంపు ఉండాలా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉందట, మేడం ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగింది. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, నగారా తల్లి ఖాకీ చొక్కాతోనే, భుజాన తోలు సంచితో, తలుపు దగ్గర నిలబడి ఉంది. స్టేజి మీద నలభై మందిలో కూతురెక్కడుందో వెతుక్కుని, కనపడగానే చెయ్యెత్తింది. నగారా చెయ్యి ఎత్తలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలి, అది నియమం.

మొదటి మూడు పాటలూ ముప్పై మంది పాడారు, పది మంది పెదాలు కదిపారు. మబ్బుల పాట మొదలైంది.  'ఊరు దాటి వెళ్ళిపోతాం' అని ముందు వరసలు మెట్టు మెట్టుగా కిందికి దిగి ఆగాయి. మేడం పిడికిలి బిగించింది. హాల్లో పంకాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకటి. రెండు. నగారా భుజం లేచింది.

'మళ్ళీ వస్తాం.'

పది గొంతులు వెనక గోడ నుంచి వచ్చాయి. మేడం మొహంలో రక్తం చుక్క లేదు. ముందు వరసల పిల్లలు ఉలిక్కిపడ్డారు, తేనె తల తిప్పబోయి ఆపుకుంది. అయినా అలవాటుపడ్డ చెయ్యి అలవాటు ప్రకారం ఐదో లెక్కకి విప్పుకుంది. ముప్పై గొంతులూ లేచాయి. 'మళ్ళీ వస్తాం, నీళ్ళు తెస్తాం.' వెనక నుంచి గరుకుగా అడిగినదానికి ముందు నుంచి మెత్తగా బదులిచ్చినట్టయింది. తేనె ముగించేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది.

నగారాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ళు నవ్వడం లేదు. చప్పట్లు కొడుతున్నారు. తలుపు దగ్గర వాళ్ళమ్మ సంచి పక్కన పడేసి మరీ కొడుతోంది. చెడగొట్టామనుకున్నది బాగుపడింది. పగ కాస్తా బూడిదలో పోసిన పన్నీరయింది.

చైర్మన్ గారు మైకు అడిగి తీసుకున్నారు. తను ఎన్నో బృందగానాలు విన్నానని, ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి లేచిన గొంతులు మాత్రం మర్చిపోలేనని, నిజంగా మబ్బే ఉరిమినట్టుందని అన్నారు. ఈ ఊహ ఎలా వచ్చిందమ్మా మీకు, అని మేడంని అడిగారు.

మేడం ఒక్క క్షణం వెనక వరస వైపు చూసింది. తర్వాత చైర్మన్ గారి వైపు తిరిగి, చీర కొంగు సర్దుకుని, చేతులు జోడించింది.

"ఆ గొంతులు సరిగ్గా అక్కడే రావాలని చాలా రోజులు ఆలోచించానండీ. ముందు వరసల పిల్లలకి కూడా చెప్పలేదు. వెనక వరస వాళ్ళకి విడిగా నేర్పి, రహస్యంగా ఉంచాను."

మళ్ళీ చప్పట్లు. వెనక బల్ల మీద పది మంది కొయ్యబారిపోయారు. నగారాకి కళ్ళలో కారం కొట్టినట్టయింది. గొంతు తీసుకున్నావు సరే. ఆ గొంతుతో చేసిన తప్పు కూడా నీదేనా? మోటారు గదిలో చెమటలు కక్కుతూ నేర్చుకున్న రెండు మాటలు, అవీ నీ ఖాతాలోకేనా? చీమ, మనకి నేర్పలేదు కదక్కా, అని గొణిగింది.

చైర్మన్ గారు ఆ పాట ఇంకొక్కసారి వినాలని ఉందన్నారు. అంతకంటే భాగ్యమా అంది మేడం. పిల్లల వైపు తిరిగింది. నీళ్ళు తాగండి, రెండు నిమిషాలు, అని కీబోర్డు మాస్టారితో ఏదో చెప్పడానికి వంగింది. వెనక కట్టుకున్న చేతుల్లో, నగారా కుడిచేతి వేలు నిచ్చెన అరచేతిని గిల్లింది. నిచ్చెన తల వంచింది. నగారా ఆమె చెవిలో, తర్వాత ఇటు పక్క చీమ చెవిలో చెప్పిన మాట ఒకటే. ఆ మాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. మగపిల్లల దగ్గరికి చేరేసరికి మేడం మళ్ళీ చెయ్యెత్తింది.

పాట రెండోసారి ఇంకా బాగా నడిచింది. ముందు వరసల పిల్లలకి ఇప్పుడు భయం పోయింది, ఒళ్ళు మరిచి పాడుతున్నారు. మేడం మొహం వెలిగిపోతోంది. నడుమ నడుమ వెనక వరస వైపు చూసి, మీరే సుమా అన్నట్టు కనుబొమలెగరేస్తోంది. ఆరు రోజుల్లో ఆవిడ ఆ వరస వైపు అన్నిసార్లు చూసింది లేదు. పాట దిగింది, ఆగింది. మేడం కుడిచెయ్యి పిడికిలి బిగించి, ఈసారి ఎడమచేతిని వెనక వరస వైపు చాచి, అరచెయ్యి మెల్లగా విప్పింది. రండి అన్నట్టు.

నగారా భుజం లేచింది. పది నోళ్ళూ తెరుచుకున్నాయి. మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా, పెదాలు గుండ్రంగా, పళ్ళు కనపడేంత నవ్వుతో. చీమ అందరికంటే బాగా నవ్వింది.

చప్పుడు లేదు.

మేడం చెయ్యి చాచే ఉంది. వాళ్ళు ఆలస్యంగా అందుకుంటారేమోనన్నట్టు ఇంకాస్త ముందుకి చాచింది. పది నోళ్ళూ మూసుకుని, మళ్ళీ మొదటి నుంచి తెరుచుకున్నాయి. చైర్మన్ గారు తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఐదు లెక్కలు పోయాయి. ఎనిమిది పోయాయి. ఎవరో దగ్గారు. మేడం కళ్ళు అప్పుడు ఒక్కొక్క మొహం మీదుగా నడిచాయి, ఈ చివర నిచ్చెన నుంచి ఆ చివర మగపిల్లల దాకా. ఎవరెవరి భుజం తట్టిందో అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. ఒకరికొకరు తెలియకుండా దాచిన పది మంది, ఒక్కలాగే నవ్వుతూ ఆవిడకేసి చూస్తున్నారు. ఆవిడ పెదాలు కూడా కదిలాయి, ఏమందో ఎవరికీ వినపడలేదు.

పిడికిలి విప్పడం మర్చిపోయింది. చివరికి విప్పినప్పుడు సగం మంది పిల్లలు చూసుకున్నారు, సగం మంది చూసుకోలేదు. లైను చిరిగిన గుడ్డలా వచ్చింది. తేనె ముగింపు అందుకోబోయి శ్రుతి దొరక్క, మధ్యలో ఆగి, ఏడుపు మొహం పెట్టింది. అది చూసి నగారాకి కలుక్కుమంది. తేనె ఎవరికీ ఏ చెడూ చేయలేదు. ఆ ఒక్క గొంతు కోసం నోరు విప్పి శ్రుతి అందిద్దామా అని కూడా అనిపించింది. అనిపించింది గానీ, విప్పలేదు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు కళ్ళు తెరిచి, మేడం వైపు, వెనక వరస వైపు, మళ్ళీ మేడం వైపు చూశారు. ఈసారి మైకు అడగలేదు.

స్టేజి దిగాక మేడం వెనక వరస దగ్గరికి రాలేదు. సామాను సర్దుకుంటున్న పిల్లల మధ్య నుంచి తల దించుకుని కీబోర్డు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నగారా ఆ తలుపు వైపు చూసింది. కడుపు నిండినట్టుగా ఉంది. జాలి పడాలేమోనని చూసుకుంది, దొరకలేదు.

పెట్టె తీసుకుని బయటికొచ్చేసరికి తల్లి మెట్ల దగ్గర కాచుకుని ఉంది. ఆరున్నరకి మళ్ళీ బస్సెక్కాలట, పద పద అంది. నాలుగడుగులు వేశాక ఆపుకోలేకపోయింది.

"మొదటిసారి పాడినప్పుడు నీ గొంతు నాకు తెలిసిపోయిందే. అంతమందిలో నా కూతురి గొంతు అని పక్కావిడకి చెప్పాను కూడా. రెండోసారి ఏమైంది? ఎంత చెవి పెట్టినా వినపడలేదు."

"రెండోసారి మేడం నేర్పినట్టు పాడానమ్మా," అంది నగారా.

"ఏం నేర్పింది?"

నగారా పెట్టె కింద పెట్టింది. ఆ దారి మధ్యలో, తల్లి ఎదుట నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నవ్వుతూ మబ్బుల పాట చివరి లైను మొదటి నుంచి చివరిదాకా పాడింది. పెదాలు తప్ప ఏమీ కదల్లేదు. తల్లి మొదట నవ్వబోయింది. చప్పుడు వస్తుందని కాసేపు చూసింది. తర్వాత పిల్ల మెడ వైపు, భుజాల వైపు చూసింది.

"ఎన్ని రోజులు?"

"రెండోరోజు నుంచి."

తల్లి భుజాన ఉన్న తోలు సంచి తీసి కూతురి మెడలో వేసింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. హాలు వైపు తిరిగి, బస్సులో చివరి సీటువాళ్ళకి చెప్పే గొంతుతో అడిగింది.

"ఆవిడ ఇంకా లోపలే ఉందా?"